ముందు ఎక్కడ వంగింది

"ముందు ఆ చెత్త తియ్యి. ఆకలేస్తోంది" అన్నాడు భర్త.

చెత్త అంటే భోజనాల బల్ల మీద ఉన్నది. ఖాళీ అగ్గిపెట్టెలు, చీపురుపుల్లలు, దారపుండ, పాత పరీక్ష కాగితాలు, ఒక గిన్నెలో పిండి జిగురు. అవన్నీ కలిసి ఒక క్రేన్ కాబోతున్నాయి. ఇంకో పావుగంట ఉంటే దాని చెయ్యి బరువెత్తుతుందో లేదో తెలిసిపోయేది. తెలియలేదు. ఆమె ఆ తడి చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని, మిగతావన్నీ పళ్ళెంలోకి ఊడ్చి, పడగ్గదిలో బీరువా మీద పెట్టి వచ్చింది. వచ్చేసరికి అత్తగారు తడిగుడ్డతో బల్ల తుడుస్తోంది.

"అన్నం తినే చోట జిగురేంటమ్మాయ్. కడుపులోకి పోతే?"

పిండే కదత్తయ్యా, రోజూ తినేదే, అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ ఇంట్లో మాట గోడకి కొట్టిన బంతి. విసిరినవాళ్ళ ముక్కుకే వచ్చి తగులుతుంది. గరిటె తీసుకుని వడ్డించింది. రేపు సాయంత్రం తీసి చూసేసరికి ఆ క్రేన్ చెయ్యి ఒక పక్కకి వాలిపోయి, అలాగే ఎండిపోయి ఉంటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చేసిన ప్రతి వస్తువూ ఏదో ఒక పక్కకి వాలి ఎండిపోయిందే.

ఆమె నాలుగో తరగతికి టీచరు. వారానికోసారి ఆఖరి పీరియడులో పాఠం చెప్పదు, సవాలు పెడుతుంది. ఒక్క కాగితంతో మీ మోకాలంత ఎత్తు టవర్ కట్టండి. చీపురుపుల్లలూ బంకమట్టీ తీసుకుని, బల్ల ఊపినా కూలని ఇల్లు కట్టండి. గుడ్డు పగలకుండా కిటికీలోంచి కిందకి దించండి. డబ్బు పెట్టి కొన్నది ఏదీ వాడకూడదు. తరగతి గదిలో ఉన్నవి, ఇంట్లో పారేసేవి, అంతే. పిల్లలు దానికి సవాల్ పీరియడ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజు జ్వరం వచ్చినా బడి మానరు. అయితే సవాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడవు. ముందు ఆమె ఇంట్లో చేసి చూసుకోవాలి. పదేళ్ళ పిల్లల వేళ్ళకి అది సాధ్యమా, మరీ తేలికా, ఎక్కడ పడిపోతుంది, ఎక్కడ పడిపోతే వాళ్ళు నేర్చుకుంటారు. దానికి చోటు కావాలి. అందులోనూ ఒక రకమైన చోటు. సగం చేసి వదిలేస్తే మర్నాటిదాకా సగంగానే ఉండనిచ్చే చోటు.

చీర కావాలని ఆమె అడగలేదు. నగ అడగలేదు. ఒక బల్ల కావాలి. దాని గురించి ఆలోచించినంతగా ఆమె మనుషుల గురించి కూడా ఆలోచించి ఉండదు. కూర తరుగుతూ ఆలోచిస్తుంది. బస్సులో నిలబడి ఆలోచిస్తుంది. వసారా చివర, బట్టలు ఉతికే యంత్రానికీ కిటికీకీ మధ్య ఉన్న జాగాని కళ్ళతో ఎన్నోసార్లు కొలిచింది. సరిపోతుంది. వెలుతురు ఎడమ పక్క నుంచి వస్తుంది. దాని మీద ఒక సగం వంతెన ఉంటుంది. ఆమె అన్నం వండుతూ మధ్యలో వచ్చి ఒకసారి చూసి పోతుంది. ముట్టుకోదు. ఊరికే చూస్తుంది. ఆ ఊరికే చూడడం కోసం ప్రాణం లాగేది.

భర్త ఫర్నిచర్ షాపులో మేనేజరు. రోజుకి ఎన్ని బల్లలు అమ్ముతాడో లెక్కలేదు. కొత్తలో ఒకసారి అడిగింది. "షాపు నిండా బల్లలే చూసి ఇంటికొస్తాను. ఇంట్లో కూడా బల్లలేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ జోకు తర్వాత చాలాకాలం బతికింది. చుట్టాలొస్తే "మా ఇంట్లో చెత్తబుట్ట ఎప్పుడూ నిండదు, మా టీచరమ్మ నిండనివ్వదు" అనేవాడు. "మా కోడలికి ఇంకా బొమ్మలాట తీరలేదు" అని అత్తగారు అందుకునేది, నేల మీద దుప్పటి పరుచుకుని, నడుం పట్టుకుని, కొడుకు చొక్కాలు ఇస్త్రీ చేస్తూ. ఇస్త్రీ ఆవిడ పని. ఎవరినీ చెయ్యనివ్వదు. ఆవిడ చేసిన చొక్కా మీద చీమ నడిచినా జారిపడాల్సిందే.

పదో తరగతి అయ్యాక ఆమె పాలిటెక్నిక్ చదువుతానంది. తమ్ముడు గడియారం విప్పితే పిల్లాడు తెలివైనవాడన్నారు, ఆమె విప్పితే వస్తువులు పాడుచేస్తోందన్నారు. నాన్న మంచివాడే. "ఆడపిల్లకి టీచరుద్యోగాన్ని మించింది లేదే తల్లీ. పొద్దు వాలకముందే ఇల్లు చేరొచ్చు" అన్నాడు. నిజమే. పొద్దు వాలకముందే చేరుతుంది. చేరాకే అసలు డ్యూటీ మొదలవుతుంది.

ఆ సోమవారం శిక్షణ కేంద్రం నుంచి ఒక పెద్దావిడ బడికి వచ్చింది. టీచర్లకి పనులు నేర్పే కేంద్రం అది, రైల్లో మూడు గంటల దూరం. ఆవిడ జుట్టు నెరిసిపోయింది, భుజానికి గుడ్డ సంచీ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వెనక బెంచీ మీద పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చుంది.

ఆ రోజు సవాలు కాగితపు వంతెన. రెండు పుస్తకాల దొంతరలు, మధ్యలో జానెడు ఖాళీ, ఒక్క కాగితం. జిగురు లేదు, కత్తెర లేదు. వంతెన మీద ఎన్ని సుద్దముక్కలు నిలబెడితే అంత గొప్ప. ఆమె "మొదలుపెట్టండి" అని చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. అది ఆ పీరియడులో రూలు. టీచరు చేతులు టీచరు వీపు దాటి రాకూడదు. ఎవరి వస్తువు వాళ్ళే ముట్టుకోవాలి. కూలిపోతున్నా సరే. కూలిపోయాక మాత్రం ఆమె ఒక ప్రశ్న వేస్తుంది, దానికి జవాబు చెప్పాలి.

చాలామంది కాగితం పరిచారు. సుద్దముక్క పెట్టారు. కాగితం, సుద్ద కలిసి కిందకి పోయాయి. ఒకడు చుట్ట చుట్టాడు, సుద్దలు దొర్లిపోయాయి. నత్త అని ఒక పిల్ల ఉంది. ఏ పనైనా అందరి తర్వాత చేస్తుందని ఆ పేరు. అందరూ ఓడిపోయేదాకా చేతిలో కాగితం పట్టుకుని కూర్చుంది. తర్వాత ఉక్కపోసినప్పుడు చేసుకునే విసనకర్రలా ముందుకీ వెనక్కీ మడతలు పెట్టింది. పెట్టి, దొంతరల మధ్య వంతెన వేసింది. సుద్దముక్కలు ఆగాయి. పెన్సిళ్ళు ఆగాయి. డస్టర్ ఆగింది.

"నత్తా, నీ టిఫిన్ డబ్బా పెట్టవే" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నీది పెట్టు. నా డబ్బాలో ఇంకా ఉంది" అంది నత్త.

డబ్బా పెట్టారు. వంతెన ఒక్క క్షణం ఓర్చుకుని కూలిపోయింది. క్లాసంతా గోల. ఆమె చేతులు వెనక్కే ఉన్నాయి. గోల తగ్గాక అడిగింది.

"ముందు ఎక్కడ వంగింది?"

"మధ్యలో టీచర్" అన్నారు అందరూ.

నత్త తల అడ్డంగా ఊపింది. "మధ్యలో కాదు టీచర్. డబ్బా మధ్యలో ఉంది కాబట్టి మీరందరూ మధ్యలో చూశారు. నేను పక్కన చూశాను. ఇదిగో, ఈ చివర మడతలు విచ్చుకున్నాయి. అవి విచ్చుకున్నాకే మధ్యలో పడింది."

వెనక బెంచీ మీద పెద్దావిడ సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

బడి వదిలాక ఆవిడ ఆమెతో పాటు గేటుదాకా నడిచింది. "దీని తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. ఇది ఏమిటి, ఎందుకు చేస్తున్నావు, తర్వాత ఏం చేస్తావు. ఈ మాటలు ఆమె చేతిలో వస్తువు చూసి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎప్పుడు తీస్తావు అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. మడత సన్నగా ఉంటే బలమా, వెడల్పుగా ఉంటే బలమా అన్నది తనకి తేలలేదని చెప్పింది. రకరకాల మడతలు చేసి, వాటి మీద పుస్తకాలు పెట్టి ఒక రాత్రి ఉంచాలని, చివరలు విచ్చుకోకుండా కాగితంతోనే కట్టు కట్టే ఉపాయం ఒకటి తోచిందని, అది చూడాలని చెప్పింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. రెండోది కూడా వెళ్ళిపోయింది.

"మా దగ్గరికి రండి" అంది పెద్దావిడ. "రెండేళ్ళు. ఇలాంటి సవాళ్ళు తయారుచెయ్యాలి, టీచర్లకి నేర్పాలి. జీతం ఇదే. వారంలో ఐదు రోజులు అక్కడే ఉండాలి. ఉండడానికి గది ఇస్తాం. పనికి వేరే గది ఉంది. చిన్నదే, బల్ల మాత్రం పొడుగు. గోడ నుంచి గోడదాకా."

"రాత్రిపూట ఎవరైనా సర్దుతారా?"

పెద్దావిడ నవ్వబోయి, ఆమె మొహం చూసి నవ్వలేదు. "తాళం మీ దగ్గరే ఉంటుందమ్మా" అంది. "శనివారం లోపల చెప్పండి. ఆ తర్వాత ఇంకొకర్ని చూసుకోవాలి."

తాళం మీ దగ్గరే ఉంటుంది. ఇంటికెళ్ళేదాకా ఆ మాట నోట్లో పిప్పరమెంటులా చప్పరిస్తూ వెళ్ళింది.

భోజనాల దగ్గర చెప్పింది. పదో తరగతి చదివే కూతురు ముందు తేరుకుంది. "మరి నా జడ ఎవరేస్తారు? నా టిఫిన్?"

అత్తగారు గ్లాసులో నీళ్ళు చూస్తూ అంది. "నాకేముందిలే. మోకాళ్ళు పట్టేస్తే ఒక మూల పడుంటాను. దేవుడు ఎలా రాస్తే అలా."

భర్త చెయ్యి కడుక్కుని వచ్చి, తుడుచుకుని, తువ్వాలు కుర్చీ మీద ఆరేసి అన్నాడు. "నీ ఇష్టం."

ఆ ఇంట్లో ఆ మాటకి వద్దు అని అర్థం. ఉట్టి వద్దు కూడా కాదు. వద్దంటే ఎందుకు వద్దని అడగొచ్చు, వాదించొచ్చు, ఏడవొచ్చు. నీ ఇష్టం అన్నవాడితో ఏం వాదిస్తావు? చెల్లెలి పెళ్ళికి నాలుగు రోజుల ముందు వెళ్తానంటే నీ ఇష్టమన్నాడు. ముహూర్తానికి చేరింది. ప్రమోషన్ పరీక్ష రాస్తానంటే నీ ఇష్టమన్నాడు. ఆ నెలంతా కూరలో ఉప్పు గురించి మాట్లాడాడు. చెయ్యి ఎత్తే మనిషి కాదు, గొంతు ఎత్తే మనిషి కూడా కాదు. ఊరంతా బుద్ధిమంతుడంటుంది. తలుపు తీసే ఉంచుతాడు, గడప మీద పడుకుంటాడు. దాటి వెళ్ళమను.

మంగళవారం అతను కూర వేసుకోలేదు. మజ్జిగ పోసుకుని లేచిపోయాడు. అత్తగారు మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, రాసుకున్నంతసేపూ దేవుణ్ణి పిలిచింది. కూతురు తన జడ తనే వేసుకోబోయి, దువ్వెన విసిరికొట్టింది. ఆమె వంట చేసింది, బట్టలు ఆరేసింది, క్లాసుకి వెళ్ళింది, వచ్చింది. నడుస్తున్నంతసేపూ చేతిలో లేని తాళంచెవిని వేళ్ళతో తిప్పుతూనే ఉంది.

బుధవారం సాయంత్రం షాపు వ్యాను ఇంటి ముందు ఆగింది. ఇద్దరు కూలీలు బల్ల దించారు. భర్త వెనకే వచ్చాడు, చొక్కా చేతులు మడిచి, తనే మోసుకొచ్చినట్టు చెమట తుడుచుకుంటూ.

"ఎక్కడ పెట్టమంటావ్?"

ఆమె వసారా చివరకి వేలు చూపించింది. సరిగ్గా సరిపోయింది. వెలుతురు ఎడమ పక్క నుంచి పడింది.

"తిరిగొచ్చిన సరుకులే" అన్నాడు. "ఒక కాలు కాస్త పొట్టి, అంతకు మించి వంకేం లేదు. సర్దుకో. ఈ ఇంట్లో సర్దుకోనివాళ్ళెవరు?" తర్వాత ఇంకాస్త మెల్లగా అన్నాడు. "ఇంక ఆ కేంద్రం గొడవ అయిపోయినట్టేగా?"

ఆమె మొహం అవునని చెప్పేసింది. ఎర అని చేపకి తెలియదనుకుంటారు. తెలుస్తుంది. ఆకలి ముందు తెలివి నిలబడదు. కాగితం నాలుగు మడతలు పెట్టి పొట్టి కాలి కింద దూర్చింది. బల్ల కదలకుండా నిలబడింది. అరచేయి దాని మీద పెట్టింది. చల్లగా ఉంది. ఇన్నేళ్ళూ ఈ మనిషికి వినపడలేదనుకుంది. వినపడిందన్నమాట. అతని మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా కరిగి, దాని చోట ఇంకోటి పుట్టింది. అది ప్రేమేనేమో. కొత్త పెళ్ళికూతుర్లా సిగ్గు కూడా వేసింది. ఆ రోజు కూరలో అతనికిష్టమైన దినుసులన్నీ వేసింది.

గురువారం బడి నుంచి రాగానే బల్ల ముందు కూర్చుంది. ఒక వైపు రాసేసిన పరీక్ష కాగితాలు తీసుకుని మడతలు పెట్టింది. కొన్ని చిటికెనవేలంత, కొన్ని బొటనవేలంత, కొన్ని ఇంకా వెడల్పు. ప్రతి మడతనీ గోటితో గీసి పదును తెచ్చింది. ఒక చివర విచ్చుకోకుండా సన్నటి కాగితపు పట్టీ చుట్టి జిగురు పెట్టింది. ఇదే ఆ ఉపాయం. ఆరితే తప్ప తేలదు. వాటిని వరసగా పేర్చి, మీద అట్టలు పెట్టింది. ఇంతలో భోజనాలకి పిలిచారు. లేచింది. బల్ల సర్దకుండా లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. అక్కడే ఉంది, సగంగా, ఎవరికీ అడ్డం కాకుండా. కళ్ళు తుడుచుకుని వెళ్ళి వడ్డించింది.

శుక్రవారమంతా క్లాసులో ఆమె మనసు మనసులో లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టుంది. ఎక్కాలు చెప్పిస్తూ ఏడో ఎక్కం రెండుసార్లు చెప్పించింది. "టీచర్, ఇందాక అయిపోయింది" అంది నత్త. అందరికంటే ఆలస్యంగా నడిచే పిల్ల తనని దాటిపోయినందుకు ఆమెకి నవ్వొచ్చింది. మధ్యాహ్నం పెద్దావిడకి ఏం చెప్పాలో కూర్చుకుంది. ఇంట్లో ఇబ్బందులున్నాయమ్మా అనకూడదు. ఇంట్లోనే చోటు దొరికిందమ్మా అనాలి. ఆ మాట గర్వంగా అనాలి.

ఇంటి తలుపు తియ్యగానే వేడి గుడ్డ వాసన కొట్టింది.

బల్ల మీద దుప్పటి పరిచి ఉంది. అత్తగారు నిటారుగా నిలబడి, ఒక చేత్తో చొక్కా కాలరు లాగి పట్టుకుని, రెండో చేత్తో ఇస్త్రీ పెట్టె తోస్తోంది. ఒక పక్కన కూతురి బడి సంచీ, ఇంకో పక్క భర్త షాపు కేటలాగులు, మందుల బుట్ట. కిటికీ గూట్లో ఆమె కాగితాలు. దొంతరగా, అంచుకి అంచు కలిపి, చదునుగా. ఒక్క మడత లేదు. కాగితపు పట్టీలన్నీ జాగ్రత్తగా విప్పి, పక్కన పోగు పెట్టి ఉన్నాయి.

"వచ్చావా" అంది అత్తగారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "నీ కాగితాలన్నీ నలిగిపోయి ఉన్నాయమ్మాయ్. పాపం వాటిమీద అట్టలు కూడా పెట్టుకున్నావు, సాపుగా అవుతాయని. అట్టలకి అవుతాయా? అన్నిటికీ ఇస్త్రీ చేసేశాను. చూడు, కొత్తవాటిలా వచ్చాయి."

ఆమె ఒక కాగితం తీసుకుని వెలుతురుకి పట్టింది. ఇస్త్రీ బాగానే చేసింది. అయినా మడత పెట్టిన ప్రతి చోటా సన్నటి గీత మిగిలింది. కాగితం మర్చిపోదు. మళ్ళీ మడిచినా అది అదే గీత దగ్గర మెత్తగా వంగుతుంది, బరువు మొయ్యదు. ఆమె కుర్చీ కోసం చూసింది. కుర్చీ మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలున్నాయి.

భర్త వచ్చాడు. తల్లి చెప్పింది విన్నాడు. టీ గొంతుకి అడ్డం పడేదాకా నవ్వాడు. "వంతెనకి ఇస్త్రీ చేశావా అమ్మా? ఇంక షాపులో అందరికీ చెప్పాలి ఇది."

"నేను కేంద్రానికి వెళ్తున్నాను" అంది ఆమె.

నవ్వు ఆగిపోయింది. "ఏంటి?"

"రేపే కాదు. వాళ్ళు ఎప్పుడు రమ్మంటే అప్పటి నుంచి."

"ఇంత చిన్నదానికా? చిత్తు కాగితాలకా? రేపు ఒక కట్ట కొనిపడేస్తాను, కావలసినన్ని మడతలు పెట్టుకో. ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పెట్టుకున్నట్టుంది నీ యవ్వారం. బల్ల కావాలన్నావు, తెచ్చాను. తెచ్చానా లేదా?"

తెచ్చాడు. ఆమె కాదనలేదు. అందరూ మధ్యలో చూస్తారు. డబ్బా మధ్యలో ఉంటుంది కనక. అతనికి కాగితాలే కనపడుతున్నాయి. రేపు చుట్టాలకి కూడా కాగితాలనే చెబుతాడు, వాళ్ళు నమ్ముతారు. ముందు ఎక్కడ వంగింది? ఆమె మనసులో చివరిదాకా వెనక్కి నడిచింది. పెళ్ళయిన మొదటి వారం. రెండు డబ్బా మూతలు, ఒక పుల్ల, దారం పెట్టి పిల్లల కోసం త్రాసు చేస్తోంది. కొత్త మొగుడు వచ్చి, వెనకే నిలబడి, "టీచరుద్యోగం స్కూల్లో వదిలేసి రావాలి. ఇంట్లో నువ్వు మా ఆవిడవి" అని ముద్దుగా చెవి పట్టుకుని లాగాడు. ఆమె నవ్వింది. నవ్వుతూ లేచి, బల్ల ఖాళీ చేసింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. వంగింది అక్కడ. విచ్చుకోవడం అప్పుడే మొదలైంది. ఇవాళ మధ్యలో పడింది, అంతే.

అదే అతనికి చెప్పాలనిపించింది. అతను ఏమిటని అడిగితే చెప్పేది. అతను టీ కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టి వచ్చాడు. అంత పని చేసినందుకు ఎవరైనా చూశారా అని చూశాడు.

అప్పటిదాకా ఇస్త్రీ పెట్టె వైరు చుడుతూ ఉన్న అత్తగారు అడిగింది. "ఎందుకమ్మాయ్ ఆ మడతలు?"

ఆమె ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. ఆవిడ నోటి నుంచి వస్తుందనుకోలేదు, ఇవాళ వస్తుందని అసలే అనుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి రెండు స్టీలు గ్లాసులు, ఒక చెంచా తెచ్చి, గ్లాసుల్ని ఇస్త్రీ దుప్పటి మీద ఎడంగా బోర్లించింది. ఇస్త్రీ చేసిన కాగితం వాటి మీద పరిచింది.

"చెంచా పెట్టండి అత్తయ్యా."

పెట్టింది. గ్లాసుకి ఠంగుమని తగిలి కింద పడింది. ఆమె సంచీలోంచి కొత్త కాగితం తీసి, ముందుకీ వెనక్కీ మడిచి, గ్లాసుల మీద వేసింది. చేతులు వెనక్కి కట్టుకుంది. అత్తగారు చెంచా పెట్టింది. ఆగింది. దారపుండ పెట్టింది. ఆగింది. మందుల సీసా పెట్టి, చెయ్యి అక్కడే ఉంచి, మెల్లగా వదిలింది. ఆగింది. ఆవిడ పెదాలు చిన్నపిల్ల పెదాల్లా తెరుచుకున్నాయి. ఇంకో సీసా తీసుకుని, పెట్టబోయి ఆగింది.

"మోస్తోంది కదా అని పెట్టుకుంటూ పోతే?"

"చివర విచ్చుకుంటుంది అత్తయ్యా. అక్కడ ఎవరూ చూడరు."

అత్తగారు సీసా బుట్టలో పెట్టేసింది. బల్ల అంచు మీద చెయ్యి వేసి, అటూ ఇటూ రాసింది. "నడుం వంచకుండా ఇస్త్రీ చెయ్యడం ఇవాళే" అంది. "నాకో బల్ల ఉంటే బాగుండునని మీ మామగారున్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. ఇన్ని కుర్చీలూ మంచాలూ అమ్మే కొడుకున్నాడు కదా, వాడికే తడుతుందిలే అని ఊరుకున్నాను."

ఆమె ఆవిడ వంక చూసింది. నేల మీద దుప్పటి, పట్టుకున్న నడుం, ఇన్నేళ్ళ చొక్కాలు. రోజూ ఆ దుప్పటిని దాటుకుంటూ వెళ్ళింది. ఆమె కూడా అడగలేదు. అడిగి ఉంటే ఇద్దరూ ఒకే బల్ల కోసం అలమటించారని తెలిసేది. తెలిసినా బల్ల ఒక్కటే. అందులోనూ పొట్టి కాలుది.

ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. పెద్దావిడ రెండో రింగుకే ఎత్తింది.

"నేనమ్మా, వంతెన టీచర్ని. వస్తున్నాను." అవతల ఏదో అన్నారు. విని, ఆమె గొంతు సవరించుకుంది. "ఒకటి అడగాలి. ఆ బల్లకి నాలుగు కాళ్ళూ సమానమేనా?"

అవతలి నవ్వు వసారా అంతా వినపడింది.

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి భర్త బల్లకి అవతల నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సరే అయితే. ఈ బల్ల ఎవరికి? రేప్పొద్దున వ్యాను పిలిచి షాపుకి పంపించేస్తాను."

"దాని జోలికొచ్చావంటే చూడు" అంది అత్తగారు, గొంతు పెంచకుండా. "అది నాది."

అతను తల్లి వంక చూశాడు. గది తలుపు దగ్గర నిలబడిన కూతురి వంక చూశాడు. కూతురు మెల్లగా వచ్చి బల్ల మీద తన సంచీ తీసుకుని, మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయింది. ఆఖరికి భార్య వంక చూశాడు. ఇన్నేళ్ళలో అతని మొహంలో ఏం చెయ్యాలో తెలియకపోవడం ఆమె చూడడం ఇదే. దాని కోసం ఒకప్పుడు ఎంత ఎదురుచూసింది. ఇప్పుడు చూస్తే ఏమీ అనిపించలేదు. కిటికీలో వెలుతురు ఇంకా ఎడమ పక్క నుంచే పడుతోంది. దాన్ని మాత్రం వదిలి వెళ్ళాలంటే కష్టంగా ఉంది.

"మరి నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు.

ఆమె గ్లాసుల మీద నుంచి మడతల కాగితం తీసి, నలగకుండా సంచీలో పెట్టుకుంది.

"మీ ఇష్టం" అంది.

ఆ ఇంట్లో ఆ మాటని దాని అసలు అర్థంలో ఒకరు అనడం అదే మొదటిసారి.